గోడ మీద పంతాజీ

పంతాజీ బొమ్మ మా చర్చి గోడ మీదికి ఎక్కబోతోందని నాకు మొదట చెప్పినవాడు తిబేరియు. వాడు చర్చిల్లో బొమ్మలు వేస్తాడు. నిచ్చెన మోసుకొచ్చి, నేను కొవ్వొత్తులు అమ్మే బల్లకి ఆనించి, "కీవా పిన్నీ, ఈ గోడ ఖాళీ కావాలి. నీ చీపుళ్లూ బకెట్లూ తీసేయ్" అన్నాడు.

"ఎందుకురా?"

"కొత్త దాత దిగుతున్నాడు. నిలువెత్తు మనిషి. టైతో సహా."

"ఎవరా దాత?"

"వర్జిల్ పంతాజీ గారు. బయట రాగి రేకులు దింపింది ఎవరనుకున్నావ్?"

నేను పళ్లెంలో కారిన మైనం గీకుతున్నాను. గీకుతూనే ఉన్నాను. నోట్లో చేదు ఊరింది. చర్చిలో ఉమ్మకూడదు కాబట్టి మింగాను.

మా చర్చిని జల్లెడలవాళ్ల చర్చి అంటారు. జల్లెడలు అల్లే పర్వు, అతని భార్య స్తాంక కట్టించారు. లోపలికి రాగానే ఎడమ గోడ మీద ఇద్దరూ నిలబడి ఉంటారు, తాము కట్టించిన చర్చిని బొమ్మలా చేతుల్లో పట్టుకుని. మూడొందల ఏళ్లుగా అలా పట్టుకునే ఉన్నారు. ఆ గోడ కట్టినవాళ్లది. కుడి గోడ ఎప్పుడూ ఖాళీయే.

కప్పు కారుతోంది. అది నిజం. స్తాంక గడ్డం దగ్గర మొదలైన పచ్చటి బూజు పెదాలు దాటి ముక్కును తినేసింది. ముట్టుకుంటే రంగు పొడిపొడిగా వేలికి అంటుకుంటుంది. ఫాదర్ వాలెరియన్ అందరికీ ఉత్తరాలు రాశారు. ఎవరూ పలకలేదు. చివరికి పంతాజీ పలికాడు. కప్పు వేయడానికి మూడు లారీల రాగి రేకులు పంపించి, వాటితోపాటు తన కోరిక కూడా పంపించాడు.

కాని రేకులు ఇచ్చినంత మాత్రాన ఎవరినీ గోడ ఎక్కించరు. బిషప్ గారి ఆఫీసులో ఒక నియమం ఉంది. చర్చిని కట్టినవాళ్లయినా కావాలి, నాశనం కాకుండా కాపాడినవాళ్లయినా కావాలి. అందుకని పంతాజీ ఒక కాగితం తయారు చేయించాడు. కూల్చివేతల రోజుల్లో జల్లెడలవాళ్ల చర్చిని తన ప్రాణాలకు తెగించి కాపాడాడని అందులో ఉంది. కింద పాత వీధివాళ్లలో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. పాత వీధివాళ్లలో ఇప్పుడు ఈ చర్చికి వస్తున్నది నేనొక్కదాన్నే.

పంతాజీ మా వీధికి మొదట వచ్చినప్పుడు ముప్ఫై మూడేళ్లవాడు. బుకారెస్ట్ కొండ మీద ఆ మహా భవనం కట్టాలని అధ్యక్షుడికి బుద్ధి పుట్టిన ఏడాది అది. కొండ చుట్టూ వీధులన్నీ లేచిపోవాలి. ఇళ్లు ఖాళీ చేయించే ఆఫీసు నుంచి చంకలో తోలు సంచీ పెట్టుకుని అతను వచ్చేవాడు. ప్రతి గేటు మీదా సుద్దతో ఒక అంకె వేసేవాడు. ఆడవాళ్లందరినీ అక్కా అని పిలిచేవాడు. మా వంటింట్లో కూర్చుని, నేను చిన్న పళ్లెంలో పెట్టిన పండ్ల మురబ్బా తిని, చెంచాను ముందూ వెనకా నాకి, "బావుందక్కా. వచ్చే శుక్రవారానికి ఖాళీ చెయ్యాలి" అన్నాడు. ఆ తరవాత ఇంకో చెంచాడు అడిగాడు.

పెట్టాను. ఇప్పటికీ అది తలచుకుంటే నా చేతుల మీద నాకే రోత పుడుతుంది.

చర్చిని కూల్చకుండా జరపవచ్చని చెప్పినవాడు ఒక ఇంజినీరు. పునాదుల కింద కోసి, కాంక్రీటు పళ్లెం పోసి, పట్టాల మీద మెల్లగా జరిపారు. రోజంతా జరిపితే కొన్ని గజాలు కదిలేది. పంతాజీకి దానితో సంబంధం లేదు. అతని వాటాకి వచ్చింది గేటు పక్కనున్న గంట గోపురం. అది ఇంజినీరు పటంలో లేదు, కనుక అది కూలాలి. నా భర్త ఇలారి ఆ చర్చిలో గంట కొట్టేవాడు. యంత్రం వచ్చిన ఉదయం గోపురం ఎక్కి గంట కొడుతూనే ఉన్నాడు. పంతాజీ ఇద్దరు మనుషుల్ని పైకి పంపాడు. తాడు చుట్టుకున్న చేతిని తాడుతో సహా లాగారు. మణికట్టు విరిగింది. ఇలారి మెట్ల మీద నుంచి కిందికి వస్తుంటే పంతాజీ గడియారం చూసుకున్నాడు. పదకొండు గంటలకల్లా గోపురం లేదు.

చర్చి ఇప్పుడు పది అంతస్తుల బ్లాకుల వెనక ఉంది. పెద్ద రోడ్డు మీద నుంచి చూస్తే శిలువ కూడా కనబడదు. చుట్టూ చెత్త డబ్బాలు, బ్లాకుల వంటిళ్ల నుంచి మాడిన నూనె వాసన. ధూపం వేసినా ఆ వాసన పోదు. ఇలారి ఆ చేతి పిడికిలి పూర్తిగా ముడవలేకుండానే పదమూడేళ్లు బతికి, చనిపోయాడు. ఆ తరవాత కొవ్వొత్తుల బల్ల నాకిచ్చారు. బల్ల దగ్గర కూర్చుంటే ప్రార్థనకి జనం ఇచ్చే పేర్ల చీటీలు చదవగలగాలి, బతికున్నవాళ్లు ఎవరో చనిపోయినవాళ్లు ఎవరో చూసి అయ్యగారికి అందించాలి. అందుకని ఫాదర్ గారి భార్య వెరోనికమ్మ యాభై ఏళ్లు దాటిన నాకు అక్షరాలు నేర్పింది. మా ఫాదర్లు పెళ్లి చేసుకుంటారు.

ఆ సాయంత్రం ఫాదర్ వాలెరియన్ నన్ను వాళ్ల వంటింటికి పిలిచారు. వెరోనికమ్మ పిండి పిసుకుతోంది.

"పిన్నీ, ఒక్క సంతకం" అన్నారాయన.

"అబద్ధానికా అయ్యగారూ?"

"అబద్ధం అనకండి. చర్చి నిలబడిందా లేదా?"

"నిలబడింది."

"అప్పుడు ఆయన అక్కడ ఉన్నాడా లేదా?"

"ఉన్నాడు. దోమలు కూడా ఉన్నాయి."

వెరోనికమ్మ పిండి మీదికి వంగి నవ్వు ఆపుకుంది. ఆయన ఆమె వైపు చూసి, "నువ్వైనా చెప్పు" అన్నారు.

"నన్ను మధ్యలోకి లాగకండి. మీ తగాదా మీరే తేల్చుకోండి" అంది ఆమె.

"పిన్నీ, వినండి. చలికాలం వస్తోంది. మంచు కరిగి దిగిందంటే స్తాంక కళ్లు కూడా పోతాయి. ఆవిడ మొహం ముఖ్యమా, ఎప్పుడో జరిగింది ముఖ్యమా? మనిషి మారడా? అరవై ఏళ్లొచ్చాక దేవుడు గుర్తొస్తే తలుపు మూసేద్దామా?"

ఆ మాట నన్ను ఆపింది. నేను రోజూ స్తాంక ఎదురుగా కూర్చునేదాన్ని. ఆ బూజు వారం వారం పైకి పాకడం నా కళ్లతో చూసినదాన్ని.

"సరే అయ్యగారూ. నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. ఇలారి చెయ్యి గురించి ఒక్క మాట ఆయన నోటితో అంటే సంతకం పెడతాను. క్షమించమని అడగక్కర్లేదు. గుర్తుంటే చాలు."

"అంతేనా?"

"అంతే."

ఆదివారం ప్రార్థన అయ్యాక ఫాదర్ గారి కారులో వెళ్లాం. పంతాజీ ఇల్లు ఊరి బయట సరస్సు ఒడ్డున ఉంది. ముందు వైపు స్తంభాలు. కొండ మీద భవనం పిల్లను పెట్టినట్టుంది. హాల్లో గదిని వెచ్చబెట్టే నీలం పెంకుల పొయ్యి ఒకటి చూసి ఆగిపోయాను. అది మా పక్కింటి అగ్లాయమ్మది. ఒక పెంకు మీద జింకకు మూడే కాళ్లుంటాయి, నాలుగోది విరిగిపోతే ఆమె నీలం రంగు పూసింది. ఆ పూత అలాగే ఉంది. ఆ ఇల్లు కూలిన వారానికి బ్లాకులో ఇచ్చిన గదిలో అగ్లాయమ్మ చలికి వణుకుతూ మంచం పట్టింది.

పంతాజీ తోట వైపు నుంచి వచ్చాడు. లావయ్యాడు. నడుముకి ఏప్రన్ కట్టుకుని, మొహమంతా చెమటతో మెరుస్తున్నాడు.

"కీవక్కా! అసలు మారలేదు నువ్వు."

నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. పెదాల మీద కొవ్వు ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టి లోపలి గుడ్డకు తుడుచుకున్నాను.

తోటలో బొగ్గుల మీద మాంసం కాలుతోంది. వేలెడంత ఉండలు, మేం మిచ్ అంటాం. ఒక వెడల్పాటి రాతి పలకను రెండు ఇటుక దిమ్మెల మీద పరిచి, దాని మీద బొగ్గులు పోసి, పైన ఇనప జల్లి వేశాడు. కారిన కొవ్వు రాతి అంచుల నుంచి జీడిలా వేలాడుతోంది. ఈగలు. అతను నా పళ్లెంలో మూడు ఉండలు వేశాడు. పొద్దుటి నుంచి ఉపవాసం కదా, ఒకటి తిన్నాను.

"ఇలారి ఎలా ఉన్నాడక్కా?"

"పోయాడు. పన్నెండేళ్లయింది."

"అయ్యో. దేవుడు అతన్ని క్షమించాలి."

చనిపోయినవాళ్ల పేరు వస్తే మేమందరం అనే మాటే అది. రోజుకు పదిసార్లు నేనూ అంటాను. ఆ నోట్లోంచి, ఆ పేరు మీద వచ్చేసరికి ఒళ్లంతా పురుగులు పాకినట్టయింది.

"ఆయన చెయ్యి గుర్తుందా?" అన్నాను.

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నటించలేదు. "ఎడమ చేతివాటం కదూ అతనిది? అందుకే గంట వింతగా కొట్టేవాడు" అన్నాడు. ఇలారి ఎడమ చెయ్యి వాడటం మొదలుపెట్టింది కుడి చెయ్యి విరిగాకే. అప్పటికి గోపురమే లేదు.

ఫాదర్ వాలెరియన్ తన పళ్లెంలోకి చూసుకుంటున్నారు.

పంతాజీ గ్లాసు ఎత్తాడు. చనిపోయినవాళ్ల కోసం మా వాళ్లు తాగే ముందు ఒక చుక్క నేల మీద పోస్తారు. నేల వరకు వంగాలంటే అతనికి పొట్ట అడ్డం. ఎదురుగా ఉన్న రాతి మీదే సారా ఒలికించాడు. "ఇలారి కోసం" అన్నాడు.

సారా కాలుతున్న రాయి మీద సుర్రుమని పాకి, బూడిదను పక్కకి తోసింది. బూడిద కింద గుండ్రంగా చెక్కిన చిన్న జల్లెడ కనబడింది. దాని చుట్టూ పాత చర్చి అక్షరాలు. వాటి సందుల్లో నల్లటి కొవ్వు గడ్డకట్టి ఉంది.

ఆ అక్షరాలు నేను అప్పుడూ చదవలేను, ఇప్పుడూ చదవలేను. కాని పద్దెనిమిదేళ్లు ప్రతి శనివారం ముక్కాలిపీట ఎక్కి ఆ రాతిని సబ్బు నీళ్లతో కడిగాను. అది మా చర్చి ద్వారం మీద ఉండే రాయి, చర్చిని జరిపే ముందు ఊడదీస్తే మళ్లీ కనబడలేదు. కట్టినవాళ్ల పేర్లూ సంవత్సరమూ అందులో ఉంటాయని పాత ఫాదర్ చెప్పేవారు. కింది కుడి మూల విరిగి ఉంటుంది. ఇలారి నిచ్చెన తగిలి విరిగింది, ఆ రోజు ఇద్దరం ఎంత పోట్లాడుకున్నామో. వంగి చూశాను. మూల విరిగి ఉంది.

"ఈ రాయి ఎక్కడిది?" అన్నాను.

"ఇదా? పాత సామానక్కా. ఎంత వేడి చేసినా పగలదు. ఇప్పుడొచ్చే రాళ్లు నాలుగు రోజులకే చిట్లిపోతున్నాయి."

"దీని మీద జల్లెడ ఉంది."

"ఉందా?" అతను వంగి చూశాడు. పటకారుతో బొగ్గులు పక్కకి జరిపాడు. తరవాత నవ్వాడు, కడుపు ఊగేలా. "అయితే ఇది మీదేనా? చూశావా మరి, నేను తేకపోతే కంకరలో కలిసిపోయేది. అయ్యగారూ, ఆ కాగితంలో ఇది కూడా రాయించండి. రాయిని కూడా కాపాడాడు అని. శుభ్రం చేయించి నేనే పంపిస్తా, మళ్లీ తలుపు మీద పెట్టుకోండి. నా పేరు కింద ఒక వరసలో చెక్కించండి, చోటుంది."

తిరిగి వస్తూ మొక్కజొన్న చేల మధ్య కారు ఆపించాను. దిగి కక్కాను. ఆ ఒక్క ఉండే కాదు, ఎప్పటెప్పటివో అన్నీ బయటికి వచ్చినట్టయింది. ఫాదర్ వాలెరియన్ వెనకే నిలబడి రుమాలు అందించారు.

"రాయి తిరిగొస్తుంది పిన్నీ. అది చిన్న విషయం కాదు. రేకులూ మనకే ఉంటాయి."

ఆయన గొంతులో ఆశ్చర్యం లేదు. తిరిగి చూశాను.

"మీకు ముందే తెలుసు."

"పోయిన ఈస్టర్‌కి చూశాను."

"తిన్నారా?"

ఆయన చేల వైపు చూశారు. "ఆయన చేత్తో పెడితే వద్దని ఎలా అంటాం" అన్నారు. రుమాలు ఆయనకే తిరిగిచ్చేసి, నా తలగుడ్డతో మూతి తుడుచుకున్నాను.

మంగళవారం బిషప్ గారి ఆఫీసు నుంచి ఒక డీకన్ వచ్చాడు. సన్నటి మనిషి, జలుబు చేసి ముక్కు ఎర్రబడి ఉంది. సంచీలో ముద్రా, సిరా దిండూ. పంతాజీ బూడిద రంగు సూటులో వచ్చాడు. తిబేరియు అప్పటికే కుడి గోడ మీద బొగ్గుతో అతన్ని గీసి పెట్టాడు. పొట్ట తగ్గించాడు, భుజాలు పెంచాడు. చేతుల్లో చర్చి ఉంది. పాత ఫొటో చూసి గీశాడు కనుక గేటూ, గంట గోపురమూ కూడా ఉన్నాయి.

పంతాజీ తల వంచి చూశాడు. "ఈ గోపురం ఏంటి? మనకు లేదుగా."

"పాత ఫొటోలో ఉందండీ."

"తీసెయ్. బరువుగా ఉంది. నా చేతులు చిన్నవిగా కనబడుతున్నాయి."

డీకన్ ముక్కు చీదుకుని, "ఫొటోలో ఉంటే మరి ఇప్పుడేది?" అన్నాడు.

తిబేరియు చేతిలోని బొగ్గు ముక్కను ఇటూ అటూ తిప్పాడు. ఫాదర్ వాలెరియన్, "కాలక్రమంలో" అని మొదలుపెట్టి ఆపేశారు.

"సాక్షి ఎవరు?" అన్నాడు డీకన్.

నేను బల్ల వెనక నుంచి లేచాను. కాగితం నా ముందు పెట్టాడు. వేలు పెట్టుకుని మొత్తం చదివాను. నాకు సమయం పడుతుంది. పంతాజీ గడియారం చూసుకున్నాడు. గోపురం మెట్ల కింద నిలబడి చూసుకున్నట్టే చూసుకున్నాడు. స్తాంక మొహం వైపు ఒకసారి చూశాను. ఆమెకి మిగిలింది రెండు కళ్లు.

సంతకం చెయ్యాల్సిన చోటు చిన్నది. అందుకని కాగితం తిప్పి వెనక వైపు రాశాను. *గంట గోపురం ఇతను కూల్పించాడు. నా భర్త చెయ్యి ఇతని మనుషులు విరిచారు. చర్చిని జరిపింది ఇంజినీర్లు. మా ద్వారం రాయి మీద ఇతను మాంసం కాలుస్తున్నాడు.* కింద పరస్కీవా అని నా పూర్తి పేరు రాశాను. అంతా రాసేసరికి బయట చెత్త బండి వచ్చి నింపుకుని వెళ్లిపోయింది.

డీకన్ చదివాడు. ఇంకోసారి చదివాడు. పంతాజీ వైపు తిరిగి, "రాయి మీ దగ్గరుందా?" అన్నాడు.

"తిరిగి ఇస్తానన్నాను కదా. అడగండి అయ్యగారిని."

ఫాదర్ వాలెరియన్ తల వంచుకున్నారు.

పంతాజీ నా వైపు వచ్చాడు. కోపంగా లేడు. బాధపడ్డవాడిలా ఉన్నాడు, అదే నాకు ఎక్కువ వెగటనిపించింది. "అక్కా, ఆ రోజుల్లో ఎవడు చెయ్యలేదు చెప్పు? పైవాడు చెప్పాడు, మనం చేశాం."

"ఇలారి చెయ్యలేదు."

"అందుకే గంటలు కొట్టుకుంటూ పోయాడు."

డీకన్ ముద్ర మళ్లీ సంచీలో పెట్టుకున్నాడు. "ఈ గోడకి అనుమతి లేదు" అన్నాడు. తుమ్మాడు.

మర్నాడు ఉదయమే లారీలు వచ్చాయి. పెరట్లోని రాగి రేకులు ఒకదాని మీద ఒకటి మళ్లీ లారీల్లోకి ఎక్కిస్తుంటే బ్లాకుల కిటికీల్లోంచి జనం తొంగి చూశారు. నాలుగో అంతస్తు నుంచి ఒకావిడ, "ముసలిదాని రోషానికి మా చర్చి నానాలా?" అని కింద ఉన్న నాకు వినబడేట్టే అంది. నేను తల ఎత్తలేదు. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు, వాన పడితే చర్చి నానుతుంది. రాయి కోసం డీకన్ ఉత్తరం రాశాడట. పంతాజీ ఇంట్లో ఇప్పుడు కొత్త పొయ్యి ఉందని, రాయి సంగతి ఎవరికీ తెలియదని జవాబు వచ్చిందట. ఫాదర్ వాలెరియన్ నాతో అవసరమైన మాటలే మాట్లాడుతున్నారు. వెరోనికమ్మ మాత్రం మూత పెట్టిన గిన్నెలో సూప్ పంపుతోంది.

లారీలు వెళ్లాక తిబేరియు సున్నం బకెట్ తెచ్చాడు.

"నాకు రావాల్సింది పోయింది పిన్నీ, నీ పుణ్యమా అని. గోడకి తెల్ల రంగు కొట్టుకుంటున్నాను."

"గీసేటప్పుడు పొట్ట తగ్గించావు. దేవుడు చూశాడు."

"టై నేనే పెట్టాను. అది కూడా చూసుంటాడు."

మొదటి పూత వేశాడు. సున్నం తడిగా ఉన్నంతసేపూ బొగ్గు గీతలు పైకి తేలుతూనే ఉన్నాయి. భుజాలు, టై, గోపురం పట్టుకున్న ఆ రెండు అరచేతులు. వెనక్కి తగ్గి చూస్తే పంతాజీ తెల్లటి పొగమంచులోంచి నా వైపే వస్తున్నట్టుంది.

"ఆరితే పోతాడా?"

"బొగ్గు మొండిది. మూడు పూతలైనా పడతాయి."

"ఇంకో బ్రష్ ఉందా?"

ఉంది. కొంగు దోపుకున్నట్టు గౌను అంచు నడుముకి దోపుకుని, తలగుడ్డ మళ్లీ బిగించుకున్నాను. చేతుల దగ్గర మొదలుపెట్టాను.